పాత బండికి పాత గేర్లు

మోటారు బండిలో ఇంజనుకున్న గౌరవం గేరుబాక్సుకు లేదు. బండి కొనేవాడు ఇంజను శబ్దం వింటాడు, టైర్లు తట్టి చూస్తాడు, హారను కూడా మోగిస్తాడు గాని, కింద చీకట్లో నూనెలో మునిగి పనిచేసే ఆ ఇనుప పెట్టె సంగతి అడగడు. అది అడిగించుకునే రోజు వేరే ఉంటుంది.

మా బావమరిదికి ఆ రోజు సరిగ్గా శ్రావణమాసంలో వచ్చింది. రావులపాలెం నుంచి రాజమండ్రికి అరటి గెలలు తోలే పికప్ అతనిది. పద్దెనిమిదేళ్ల పాతది. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది అదే. పెళ్లిళ్లూ, వ్రతాలూ కలిసొచ్చి గెలకు గిరాకీ ఉండే ఆ రోజుల్లోనే, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దిగుతూ యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలు, మూడో గేరు తనంతట తాను జారి న్యూట్రల్లో పడడం మొదలెట్టింది. నిండు లోడుతో పల్లానికి పోయే బండికి గేరు పట్టు తప్పితే ఇక బ్రేకులే దిక్కు. అవి కూడా పద్దెనిమిదేళ్లవేనాయె!

మేస్త్రి బండెక్కి ఊరి చివరి దాకా వెళ్లి వచ్చి, పానా ముట్టుకోకుండానే రోగం చెప్పేశాడు. ఒకటి, రెండు, మూడు, అయిదు గేర్లలో ఊళ పెడుతున్న బండి నాలుగులో మాత్రం నోరు మూసుకుంటోంది. ఈ బండిలో నాలుగో గేరు వేస్తే ఇంజను బలం పై షాఫ్టుల గుండా తిన్నగా వెనక్కి పోతుంది. కింది షాఫ్టు ఊరికే తిరుగుతుందే గాని బరువు మొయ్యదు. కనుక జబ్బు కింది షాఫ్టు బేరింగుల్లో ఉందన్నమాట. మన పాతకాలపు వైద్యులు నాడి పట్టుకుని చెప్పేవారే, అలా.

కొత్త బాక్సు ధర వినగానే మా బావమరిది కూలబడ్డాడు. విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు చేసిన బండి తాలూకుది అందులో మూడోవంతుకు దొరికింది. "పాతది పోయిందని మళ్లీ పాతదే కొనడమేమిటండీ!" అని మా ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. కొనడంలో తప్పు లేదు. కొన్నదాన్ని విప్పి చూడకుండా బిగిస్తేనే తంటా.

అసలు తగువంతా అక్కడే. "రోజు గడిస్తే రోజు కూలి పోయినట్టే బావా! ఉన్నదున్నట్టు ఎక్కించెయ్యమని నువ్వయినా చెప్పు" అంటాడు మా బావమరిది. మేస్త్రి మాట్లాడకుండా బాక్సులోని పాత నూనె పళ్లెంలోకి దింపి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూపించాడు. బంగారు రజనులాంటి ఇత్తడి పొడి. ఉక్కు పెళ్లలు లేవు. "గేర్లు మంచివే బాబూ, రింగులే అరిగాయి. విప్పాల్సిందే" అన్నాడు. నేను మేస్త్రి పక్షం చేరాను.

ఆ ఇత్తడి రింగుల పేరు సింక్రో రింగులు. గేరు మారేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరిగే రెండు ముక్కలను రాపిడితో ఒక్క వేగానికి తెచ్చి, ఆ తరువాత కలుపుతాయి. 1928లో కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు వచ్చేదాకా డ్రైవర్లు క్లచ్చి రెండుసార్లు తొక్కి, చెవితో వేగం కనిపెట్టి గేరు వేసేవారు. రింగును గేరు శంకువు మీద నొక్కి పట్టి, మధ్య సందులో రేకు దూర్చి చూస్తాడు మేస్త్రి. సందు తగినంత ఉండాలి. రెండో గేరు రింగుకు సందే మిగల్లేదు! రివర్సు తాలూకు నడిమి గేరుకు రెండు పళ్లు విరిగి ఉన్నాయి. బండి పూర్తిగా ఆగకముందే రివర్సు వేసే మహానుభావుడెవడో దాన్ని నడిపి ఉంటాడు.

రింగులు, బేరింగులు, సీళ్లు కొత్తవి తెప్పించారు. రివర్సు గేరు మా పాత బాక్సులోది తీసి అతికించాడు. ఒకదానితో ఒకటి అరిగి కలిసిపోయిన జంటలను విడదీస్తే గోల చేస్తాయట; అందుకే ముందుకు నడిపే గేర్లు వేటినీ మార్చలేదు. "వెనక్కి రోజుకు పది గజాలు పోతాం. అది అరిస్తే అరవనీయండి" అన్నాడు.

సూదుల్లాంటి రోలర్లు జారిపోకుండా గ్రీజుతో అంటించి, లెక్కపెట్టి మరీ కూర్చాడు. బాక్సు దిగింది గనక క్లచ్ ప్లేటు కూడా మార్చాం. చచ్చిన బాక్సు తాలూకు ముందు షాఫ్టునే ప్లేటులో దూర్చి నడిమధ్యకు సరిచూసుకున్నాడు. ఎక్కించేటప్పుడు బరువు ప్లేటు మీద వేలాడకుండా జాకీ మీద నిలిపి, నలుగురం పట్టాం. చివరికి 90 నంబరు నూనె, జీఎల్-4 రకం. చిక్కగా ఉంటే చాలని దొరికింది పోయకూడదట. కొన్ని నూనెల్లోని గంధకపు మందులు ఇత్తడిని తినేస్తాయి.

మూడు రోజులు పట్టింది. నాలుగోనాడు తెల్లవారుజామున గెలలెత్తుకుని బండి వంతెన దిగింది. మూడో గేరు కదల్లేదని అక్కడినుంచే ఫోను చేశాడు. రివర్సు మాత్రం వీధి వీధంతా లేచేలా ఊళ పెడుతోంది.