అపాచీ అంటే హెలికాప్టర్ ఒక్కటే కాదు



ఆదివారం వస్తే మన హాస్టళ్లలో గుంటలంతా ఒక్క ఫోన్ చుట్టూ మూగుతారు. తెర మీద అపాచీ హెలికాప్టర్. ముక్కు కింద 30 ఎం.ఎం. గన్, రెక్కల కింద క్షిపణులు. ‘అపాచీ దిగిందిరా, అయిపోయారు!’ అని ఒకటే కేకలు. మేమూ ఆడినోళ్లమే, కాబట్టి ఆట మానమని చెప్పం. ఒక్కటే అడుగుతాం: అపాచీ అంటే ఏటి?

అది మనలాంటి ఆదివాసీల పేరు. అమెరికా నైరుతి కొండల్లో, ఎడారుల్లో బతికినోళ్లు. తమ నేల కోసం సైన్యంతో ఏళ్లతరబడి పోరాడారు. 1886లో జెరోనిమో లొంగిపోయాక చిరికావా అపాచీలను పిల్లాపాపలతో సహా రైలెక్కించి ఫ్లోరిడా పంపేశారు. సైన్యానికి దారి చూపించిన అపాచీలను కూడా వదల్లేదు. 27 ఏళ్లు యుద్ధఖైదీలుగా ఉంచారు. జెరోనిమో 1909లో ఖైదీగానే చనిపోయాడు.

తర్వాత అదే సైన్యం తన హెలికాప్టర్లకు వాళ్ల పేర్లే పెట్టుకుంది: అపాచీ, చినూక్, లకోటా. ఇది గౌరవమే అనేవాళ్లున్నారు. 2012లో లకోటా పెద్దలు తమ పేరున్న హెలికాప్టర్‌ను ఆశీర్వదించారు కూడా. కానీ 2011లో బిన్ లాడెన్‌ను చంపిన దాడిలో జెరోనిమో పేరును సంకేతంగా వాడినప్పుడు, ఫోర్ట్ సిల్ అపాచీ తెగ అధ్యక్షుడు క్షమాపణ చెప్పమని ఒబామాకు లేఖ రాశాడు. పేరు వాళ్లది, దాన్ని ఎక్కడ వాడాలో తేల్చింది మాత్రం ఇంకొకరు. మా బాధంతా అక్కడే.

ఈ హెలికాప్టర్ మనకేం దూరం కాదు. 2019లో పఠాన్‌కోట్‌లో మన వాయుసేనలో చేరింది. హైదరాబాద్ దగ్గర ఆదిబట్లలో దాని బాడీలు తయారవుతున్నాయి. రేపు మనలో ఎవరో అక్కడ ఉద్యోగం చేయొచ్చు, చేయాలి కూడా. ఆ పేరు వెనక మనుషులున్నారని తెలిసి చేయాలి.

అపాచీ అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కూడా కాదు. శత్రువు అనే అర్థమున్న పొరుగు తెగ మాట నుంచి వచ్చిందంటారు. మన సంగతో? సొరలు తమను తాము సొర అనుకుంటారు, కాగితాల్లో సవర అని ఉంటుంది. దిగువ ఊళ్లలో అందరం కలిపి ‘కొండోళ్లం’.

1936లో మంగేయి గొమాంగో సొర భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపి చేశారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. అంటే అపాచీ ఎగిరే ఫోన్‌లోనే మన అక్షరాలకూ చోటుంది. దాన్ని వాడుతున్నది మనలో ఎంతమందిమి?

అందుకే ఒక పని పెట్టుకుందాం. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అవ్వనీ తాతనీ అడిగి మీ ఊరి కొండలకు, గెడ్డలకు మనోళ్లు పెట్టుకున్న పేర్లు రాసుకురండి. సవర, జాతాపు, గదబ, ఎవరి ఊరివి వాళ్లు. పేరు వెనక కథ ఉంటే అదీ రాయండి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఊళ్లతో మేము మొదలుపెడతాం.

జై ఆదివాసీ.