మత్తు ఇచ్చే నర్సు: అమెరికాలో డాక్టరేట్, భారత్‌లో దారే లేదు

అమెరికాలో మత్తుమందు ఇచ్చే నర్సు కావడానికి మాస్టర్స్ పట్టా ఇక చాలదు. 2022 జనవరి నుంచి ఈ విద్యలో కొత్తగా చేరేవారికి డాక్టరేట్ తప్పనిసరి. ముందు ఐసీయూలో కనీసం ఏడాది పనిచేయాలి, ఆపై మూడేళ్లు పూర్తికాలం చదవాలి. ఆ మూడేళ్లూ ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం కనుక చాలామందికి అప్పే ఆధారం. అయినా అక్కడి అనేక గ్రామీణ ఆసుపత్రుల్లో శస్త్రచికిత్సలు సాగుతున్నది వీరి చేతుల మీదుగానే.

భారత్‌లో నర్సులకు ఈ హోదా లేదు. మత్తు నిపుణుల కొరతతో సిజేరియన్లు ఆగిపోకుండా ప్రభుత్వం ఎంబీబీఎస్ వైద్యులకు 18 వారాల శిక్షణ ప్రవేశపెట్టింది. ఏళ్ల తరబడి ఐసీయూలో పనిచేసిన నర్సుకు మాత్రం అందులో చోటు లేదు. నేపాల్ ఇందుకు భిన్నంగా నర్సులు, ఆరోగ్య సహాయకులకు శిక్షణనిచ్చి అనెస్థీషియా అసిస్టెంట్లుగా నియమిస్తోంది. వైద్యులు లేవనెత్తే రోగి భద్రత ప్రశ్న సహేతుకమే. అయితే మత్తు వైద్యుడు లేడంటూ నొప్పులు పడుతున్న గర్భిణిని అర్ధరాత్రి మరో పట్టణానికి పంపడమూ భద్రతకు సంబంధించిన విషయమే.