డ్రాయింగ్ పీరియడ్ ఏమైంది?

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, బడి కమిటీ సభ్యులారా!

మీ ఊరి హైస్కూలు టైంటేబుల్ ఓసారి చూడండి. ఏదో ఒక గడిలో డ్రాయింగ్ అని ఉంటుంది. ఆ గంటకు తరగతిలోకి తొంగిచూస్తే, చాలాచోట్ల నల్లబల్ల నిండా లెక్కలే. సిలబస్ కాలేదని లెక్కల మాస్టారు ఆ పీరియడ్ తీసేసుకుంటారు. అడ్డుచెప్పడానికి డ్రాయింగ్ మాస్టారంటూ ఉంటే కదా!

బొమ్మలు కూటికొస్తాయా, గుడ్డకొస్తాయా అంటారు కొందరు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే చేతినీ, చేర్యాలలో పటం రాసే నకాషీ చిత్రకారుణ్నీ, మీ ఇంటి పెళ్లికొచ్చిన ఫొటోగ్రాఫర్‌నూ అడగండి. అంతెందుకు, పరీక్షలో 'పటం గీసి భాగాలు గుర్తించండి' అని మార్కులు పెడుతున్నాం. గీయడం నేర్పకుండా గీయమనడం ఏం న్యాయం?

ఆ పీరియడ్‌లోనే ఫొటో తీయడమూ నేర్పొచ్చు. దానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఒక అట్టపెట్టెకు ఓవైపు సూదితో బెజ్జం పొడిచి, ఎదుటివైపు అట్ట కోసేసి, అక్కడ నూనె రాసిన కాగితం అంటించండి. తలమీద దుప్పటి కప్పుకుని, ఎండలోని వేపచెట్టు వైపు పెట్టెను తిప్పండి. కాగితం మీద చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. భౌతికశాస్త్ర పాఠం అక్కడే అయిపోయింది. తర్వాత మాస్టారి ఫోన్ చాలు. నడినెత్తిన ఎండలో తీసిన మొహానికి కళ్లగుంతలు నల్లబడతాయి. వరండా నీడలో అదే మొహం తేటగా వస్తుంది. అడగకుండా ఎవరి ఫొటోనూ తీయకూడదనీ, అంచులు కత్తిరిస్తే ఫొటో కూడా అబద్ధమాడుతుందనీ అప్పుడే నేర్పొచ్చు. చేతికి ఫోన్ వచ్చేసిన పిల్లలకు ఇది ఈ రోజే కావాలి.

రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు గీతల్లో ప్రతిభను కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే గుర్తించి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివేలా చేశారు. 1925లో చనిపోయేనాటికి రామారావుకు ముప్పై ఏళ్లైనా లేవు. అయినా ఆంధ్ర చిత్రకళకు దారి వేసి వెళ్లాడు. గుర్తుపట్టే గురువు మన బడిలో ఉన్నారా?

మేం గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే, కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. కళను పదో తరగతి దాకా తప్పనిసరి చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది.

మా డిమాండ్లు:

1. వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు. వాటిని వేరే సబ్జెక్టుకు ఇవ్వకూడదు.
2. డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పాసై ఖాళీగా ఉన్నవారిని బోధకులుగా తీసుకోవాలి.
3. బడికొక ఫోన్ కెమెరా, ఏటా వరండా గోడమీద పిల్లల బొమ్మల, ఫొటోల ప్రదర్శన.

బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది కమిటీయే. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. వచ్చే సమావేశానికి పనులు మానుకొనైనా వెళ్లండి. తీర్మానాల పుస్తకంలో ఈ ఒక్క వాక్యం రాయించి, సంతకం పెట్టి రండి: 'మా పిల్లల డ్రాయింగ్ పీరియడ్ మా పిల్లలకే.'

— బడి పూర్వ విద్యార్థులు