దబ్బనం

ప్రయాణమనే మాట మా ఇంట్లో ముందుగా వంటింటికి తెలుస్తుంది. విశాఖపట్నం వెళ్ళి పది రోజులు తెరచాప పడవ నడపడం నేర్చుకుంటానని మా అమ్మాయి అన్నదో లేదో, వాళ్ళమ్మ నిప్పట్లకు పిండి కలిపింది, చెనిక్కాయల పొడి దంచింది. ఒకవైపు పిండి కలుపుతూనే, "వద్దని మీరైనా చెప్పరేమండీ?" అన్నది నాతో.

నేనేం చెప్పను? మాది పెద్దముడియం. వేసవిలో కుందూ నదిని పంచె ఎగగట్టి దాటినవాణ్ణి. నేనెరిగిన పడవలన్నీ నిఘంటువులోవే: తరి, తరణి, కలము, నావ. "నీకు ఈతైనా రాదు కదమ్మా!" అన్నాను.

"వచ్చేదాకా పడవ ఎక్కించరు, నాయనా" అని, తారిణి కథ ఎత్తుకున్నది.

తారిణి అంటే దాటించేది. మన నౌకాదళం వారి తెరచాప పడవ. పొడవు సుమారు 17 మీటర్లు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు ఆడపిల్లలు అందులో గోవా నుంచి భూమిని చుట్టిరావడానికి బయలుదేరారు. అందులో ఇద్దరు మనవాళ్ళే: విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. 2009-10లో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి భారతీయుడు దిలీప్ దోందే వారికి గురువు.

గోవా నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రిమాంటిల్ చేరడానికే 43 రోజులు పట్టింది. నడుమ అంగడి లేదు, కమ్మరి లేడు, వడ్రంగి లేడు.

అందుకే దూరం పోయే పడవలకు సన్నాహం వేరుగా ఉంటుందట. పడవను గట్టుకెక్కించి, అడుగున అంటుకున్న నాచునూ గుల్లలనూ గీకి రంగు వేస్తారు. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే లోహపు తీగల వెంట దూది రాస్తారు. ఎక్కడైనా పోగు తెగి ఉంటే దూది అక్కడ చిక్కుకుంటుంది. తిండి డబ్బాల కాగితాలు పీకేసి, పేర్లు రంగుతో రాస్తారు. లేకుంటే తడిసి ఊడిన కాగితం, పడవలోని నీళ్ళు తోడే పంపుకు అడ్డం పడుతుంది. పడవ అడుగున నీరు వచ్చీ పోయే ప్రతి రంధ్రం పక్కనా, దానికి సరిపడే కొయ్య బిరడా ఒకటి కట్టి ఉంచుతారు. తెరచాప చిరిగితే కుట్టుకోవడానికి లావుపాటి సూదులు, మైనం పట్టించిన దారం ఉండనే ఉంటాయి.

బిరడాల మాట దగ్గర మా ఆవిడ చేయి ఆగింది. "ఇంత చూసుకుంటే ఇంక ఏమీ చెడదు గదా?" అన్నది.

"చెడిందమ్మా. తిరిగి వచ్చేటప్పుడు హిందూ మహాసముద్రంలో చుక్కాని తిప్పే యంత్రమే చెడింది. ముందు అనుకోని మారిషస్‌కు పడవను చేర్చి, 2018 ఏప్రిల్‌లో బాగుచేయించుకున్నారు. మే 21న గోవాలో దిగారు. మొత్తం 254 రోజులు."

ఆ మాటలు నన్ను రాత్రంతా ఆలోచనలో పడేశాయి. ఏమీ చెడకూడదని మనం ఆడపిల్లను గడప దాటనివ్వం. చెడితే ఏం చేయాలో మాత్రం నేర్పం. ఇరవై ఏళ్ళుగా నేను చేసింది జాగ్రత్తే అనుకున్నాను. సన్నాహం కాదని ఇప్పుడు తెలిసింది. తెల్లవారి లేవగానే, ప్రొద్దుటూరులో ఈత నేర్పేవాళ్ళెవరని వాకబు చేయడానికి బయలుదేరాను.

సాయంత్రం వచ్చి చూస్తే, అమ్మాయి పెట్టెలో నిప్పట్ల డబ్బా పక్కన గోనెసంచులు కుట్టే మా ఇంటి దబ్బనం, ఒక పురికొస ఉండ కనిపించాయి.

నేను పెట్టలేదు.