తీరిక కూడా మనకి రావాల్సిన బాకీయే

ఏప్రిల్ వచ్చిందంటే ప్రతి పేటలో, ప్రతి సభలో ఒక మాట వినపడుతుంది. "బాబాసాహెబ్ రోజుకి 18 గంటలు చదివారు. మరి మీరెంత చదువుతున్నారు?" అని మైకు పట్టుకున్న అన్న గట్టిగా అడుగుతాడు. వెనక వరస కుర్చీల్లో ఉన్న ఆడవాళ్లు తల దించుకుంటారు. పొద్దున నాలుగున్నరకి లేచి, వండి, క్యారేజీలు కట్టి, పనికి పోయొచ్చి, సభకొచ్చిన జనానికి పులిహోర కలిపి, చివరికి ఆ కుర్చీల్లో కూలబడ్డవాళ్లు వాళ్లు.

తల దించుకోవాల్సింది వాళ్లు కాదని చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను.

ముందు ఆ 18 గంటల సంగతి చూద్దాం. ఆయన పట్టుదల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పరేల్‌లో ఒంటిగది ఇంట్లో, అర్ధరాత్రి దాటాక తండ్రి రాంజీ తట్టి లేపితే దీపం ముందు కూర్చుని చదివిన పిల్లాడాయన. కానీ ఆ కథ చెప్పేటప్పుడు మనవాళ్లు ఒక మనిషిని దాటేసి పోతారు. 1920లో ఆయన మళ్లీ లండన్ వెళ్లి 1923లో తిరిగొచ్చేదాకా బొంబాయిలో సంసారం ఈదింది రామాబాయి. బిడ్డల్ని కన్నది, కన్నవాళ్లలో ఒక్కణ్ణి తప్ప అందర్నీ మట్టిలో పెట్టింది. 1935 మే నెలలో తనూ పోయింది. తర్వాత పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని బాబాసాహెబ్ ఆమె జ్ఞాపకానికే అంకితమిచ్చారు. తనతోపాటు ఆమె పడ్డ కష్టాన్ని ఆ అంకితంలోనే ఒప్పుకున్నారు. చదివే మనిషికి గంటలు ఎక్కణ్ణుంచి వస్తాయో ఆయనకి తెలుసు. మైకు ముందున్న అన్నకే తెలియదు.

ఇంకో సంగతి. కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకి ఏం చేశారో లెక్క తేలుస్తూ 1945లో ఆయన ఒక పుస్తకం రాశారు. అందులో గాంధీయిజం మీద ఒక అధ్యాయం ఉంది. యంత్రాలు వద్దు, పాత పల్లె బతుకే ముద్దు అనేవాళ్లకి అక్కడ ఆయన చెప్పే జవాబు నాకు చాలా ఇష్టం. మనిషి పశువులా కాకుండా బతకాలంటే సంస్కృతి కావాలి, దానికి తీరిక కావాలి, తీరిక కావాలంటే ఒళ్లు హూనమయ్యే చాకిరీ యంత్రం మీదకి పోవాలి అన్నది ఆ వాదన సారాంశం. మన సభల్లో ఆ పుస్తకం పేరు వినపడుతుంది గానీ ఈ తీరిక మాట మాత్రం వినపడదు.

మనకి అక్షరం అందనివ్వలేదని అందరం చెప్పుకుంటాం. తీరిక అందనివ్వని సంగతో? వెట్టి అంటే కూలి ఎగ్గొట్టడం ఒక్కటే అనుకుంటాం. ఎప్పుడు కబురొస్తే అప్పుడు, తింటున్న కంచం వదిలేసి లేచి పోవాల్సి రావడం కూడా వెట్టే. మన పొద్దు మన చేతిలో లేకపోవడం అది. మా తాతల కాలంలో ఆ కేక దొర అరుగు మీంచి వచ్చేది. ఇప్పుడు ముందు గదిలోంచి వస్తుంది. "అమ్మా, నా సాక్సులేవి?" "ఏమేవ్, టీ పెడతావా?" కేకకీ కేకకీ మధ్య దొరికే ఐదు నిమిషాల్లో ఒక పేజీ చదివితే, రెండో పేజీ తిప్పేటప్పటికి మొదటిది మర్చిపోతాం.

ఇది నా ఒక్కదాని గోల కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లకి దానికి రోజుకి 299 నిమిషాలు పోతున్నాయని తేలింది. మగవాళ్లకి 97. అది కూడా ఎంతో కొంత చేసే మగవాళ్ల సగటు, బొత్తిగా చెయ్యనివాళ్లు ఆ సగటులో లేరు. 2024లో మళ్లీ లెక్కేస్తే ఆడవాళ్లది 289కి దిగింది. పది నిమిషాలు కలిసొచ్చాయని సంబరపడేలోపు పక్క గడి చూశాను. మగవాళ్లది 88కి దిగింది. వాళ్లూ ఓ తొమ్మిది నిమిషాలు విశ్రాంతి తీసుకున్నారు పాపం.

మా ఇంట్లో మూడేళ్ల కిందట వాయిదాల మీద వాషింగ్ మెషీన్ కొన్నాం. బాబాసాహెబ్ ఫొటో కిందే పెట్టాం, ప్లగ్గు అక్కడే ఉంది మరి. చూసినప్పుడల్లా ఆ 1945 పుస్తకమే గుర్తొస్తుంది నాకు. అయితే యంత్రం మిగిల్చిన గంట నాకు దక్కలేదు. బడి నుంచి ఇంటికి మోసుకొచ్చే యాప్‌ల పని సగం తిన్నది, పిల్లల ట్యూషను మిగతాది తిన్నది. యంత్రం పని తగ్గిస్తుంది, నిజమే. మిగిలిన టైమెవరిదో యంత్రం తేల్చదు. అది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

తేల్చుకున్నాం. రాత్రి 9 నుంచి 9:45 దాకా నాది. అంట్లు ఒకరోజు మా ఆయన, ఒకరోజు మా పెద్దాడు. "మగపిల్లోడి చేత అంట్లా?" అని అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. స్త్రీ విముక్తి మీద గంట మాట్లాడగలిగిన మా ఆయనకి కూర గిన్నె అడుగున జిడ్డు వదిలించడం చేతకావడానికి మూణ్ణెల్లు పట్టింది. మొదటి వారం వంటింట్లోంచి ఒకటే కేకలు, "ఈ మూత దేనిది?" అని. నేను పలకలేదు. ఆ మూత దేనిదో ఆయనే కనుక్కున్నాడు.

ఫోన్‌లో చదువుకోవచ్చుగా, బస్సులో చదువుకోవచ్చుగా అంటారు. బస్సులో చదివేదాన్ని, నలభై నిమిషాలు. ఉచిత ప్రయాణం వచ్చాక సీటు దొరకడం లేదు. ఆడవాళ్లు అంతమంది బయటికి వస్తున్నారంటే నాకు సంతోషమే, నిలబడి పోతున్నా. ఫోన్ సంగతి వేరు. చేతిలో ఫోన్ ఉంటే ఏదో పనిలో ఉందనుకుంటారు, పుస్తకం ఉంటే ఖాళీగా ఉందనుకుంటారు. ఈ చూపు మారకుండా ఎన్ని గంటలు మిగిలినా లాభం లేదు.

ఈ చూపు మన ఉద్యమంలోనూ ఉంది. చదువంటే పరీక్ష కోసం, ఉద్యోగం కోసం, లేకపోతే పోరాటం కోసం. ఊరికే, హాయి కోసం చదివితే తప్పు చేసినట్టే.

మా పేటలో మునిసిపాలిటీలో కాంట్రాక్టు మీద ఊడ్చే అక్క ఒకామె ఉంది. తెల్లారకముందే రోడ్డెక్కి, మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, గడప మీద కూర్చుని వారపత్రికలో సీరియల్ చదువుతుంది. ఏడో తరగతి దాకా చదివింది. కొడుకు యూనివర్సిటీలో ఉన్నాడు, మంచి కుర్రాడు, మా మీటింగులకి వస్తాడు. వాళ్లమ్మ చేతిలో ఆ పత్రిక చూసి, "ఆ చెత్తెందుకమ్మా, పనికొచ్చేది చదువు" అంటాడట. ఒకరోజు ఆ అక్క మా ఇంటికొచ్చి, "అమ్మాయ్, ఎవురూ చచ్చిపోని పుస్తకం ఉంటే ఒకటియ్యి" అంది.

నా బీరువా ముందు నిలబడ్డాను. కారంచేడు ఉంది, చుండూరు ఉంది. ఊరి మీదికి దండెత్తి వచ్చినవాళ్లున్నారు, బావి దగ్గర దెబ్బలు తిన్నవాళ్లున్నారు. అవన్నీ రావాల్సిన పుస్తకాలే, కొన్ని వచ్చేటప్పుడు నేనూ చెయ్యి వేశాను. కానీ ఊరి మురికంతా ఎత్తిపోసి వచ్చిన మనిషికి మధ్యాహ్నం పూట మళ్లీ ఆ దెబ్బలే ఎందుకు వడ్డించాలి? ఆమెకి కులమంటే ఏంటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పొద్దున ఐదింటి నుంచీ అదే పాఠం ఆమెకి.

భానుమతి గారి అత్తగారి కథలు ఇచ్చాను. నాలుగు రోజులకి తెచ్చి ఇచ్చింది. కడుపుబ్బ నవ్విందట. "అది సరేగానీ అమ్మాయ్, ఆ అత్తగారు మనల్ని ఆ ఆవకాయ జాడీ వేపు రానిస్తదంటావా?" అని అడిగి మళ్లీ నవ్వింది. యూనివర్సిటీలో దీన్ని పాఠకురాలి విమర్శనాత్మక దృష్టి అంటారు. ఆమె ఆ పేరేమీ పెట్టకుండానే నవ్వుతూ చదివింది, నవ్వుతూనే పట్టుకుంది. ఆ తర్వాత ఎండ్లూరి సుధాకర్ గారి 'మల్లెమొగ్గల గొడుగు' ఇచ్చాను. అందులో ఏడుపు లేదని కాదు. అయినా ఆ మాదిగ ఇళ్లలో నవ్వులున్నాయి, మురిపాలున్నాయి. అది మాత్రం తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. రాసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మనవి. మన వాడ నవ్వులు కూడా రాయండి. మన సాయంత్రాలు, మన ఎకసెక్కాలు, పెళ్లిళ్లలో మన అత్తల జోకులు రాయండి. వాటిని అడిగేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

ఇంక గ్రంథాలయం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. మా ఊరి శాఖా గ్రంథాలయం పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తారు. శుక్రవారం సెలవు. పొద్దున ఆ వేళకి మనం పనిలోనో పొలంలోనో ఉంటాం. సాయంత్రం ఆ వేళకి నీళ్లు, పొయ్యి, పిల్లలు. గడియారం దగ్గర పెట్టుకుని ఆడవాళ్లు రాలేని వేళలు ఏరమంటే సరిగ్గా ఇవే వస్తాయి. మధ్యాహ్నం ఒకటి నుంచి నాలుగు దాకా తెరవండి అని అర్జీ రాశాం. ఇప్పటికి 63 సంతకాలయ్యాయి. వాటిలో పదకొండు వేలిముద్రలు. చదవడం రానివాళ్లు గ్రంథాలయం అర్జీ మీద వేలిముద్ర ఎందుకేశారని ఒకాయన నవ్వాడు. "నా మనవరాలు చదివి వినిపిస్తది, నీకేంటి నొప్పి?" అంది వాళ్లలో ఒక పెద్దామె.

అర్జీ సంగతి తేలేదాకా ఊరుకోవడం లేదు. మా అంబేద్కర్ భవనంలో పుస్తకాల బీరువా ఒకటుంది. దాని తాళం చెవి సంఘం పెద్దమనిషి ఇంట్లో ఉండేది, ఆయన పొలం పోతే బీరువా కూడా పొలం పోయినట్టే. పోయిన వారం ఆ చెవి ఆడవాళ్ల చేతికొచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి భవనంలో మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా కూర్చుంటాం. ఉపన్యాసం ఉండదు, మైకు ఉండదు. ఎవరికి నచ్చింది వాళ్లు చదువుకుంటారు, నిద్రొస్తే చాప మీద పడుకుంటారు. చదవడం రానివాళ్లకి హైస్కూలు పిల్లలు చదివి వినిపిస్తారు. టీ పెట్టేదీ, చంటిపిల్లల్ని ఎత్తుకునేదీ మగవాళ్లు. ఇప్పటిదాకా ఇద్దరే పేరిచ్చారు, అందులో ఒకరు మా ఆయన. ఇంకో నలుగురు కావాలి. 18 గంటల లెక్క చెప్పే అన్న ఇది చదువుతుంటే, ఆయన పేరు కూడా రాసుకుంటాం.

జై భీమ్.