కాయితం కాజేస్తే సివిల్ తగాదానా?

మన వాడల్లో ముందు కాయితం పోతుంది, దాని వెనకే భూమి పోతుంది. "పాసుపుస్తకం ఇటివ్వు, లోను ఇప్పిస్తా" అంటాడొకడు. "డి-పట్టా మా ఇంట్లో ఉంటే భద్రం" అంటాడింకొకడు. "బాకీ తీరేదాకా నా బీరువాలో ఉంటది" అంటాడు మోతుబరి. ఏళ్లు గడుస్తాయి. ఒకనాడు పొలం గట్టు మీదికి పోతే అక్కడ ఎవడిదో ట్రాక్టరు తిరుగుతుంటుంది. స్టేషనుకు పోతే ఒకటే మాట: "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి."

కూలి మానుకొని వచ్చిన మనిషిని గుమ్మంలోంచే తిప్పి పంపడానికి ఈ మాట బాగా పనికొస్తోంది. చాలాసార్లు ఇది అబద్ధం కూడా. అందుకే చట్టం ఏమంటున్నదో విప్పి చెబుతున్నాం. సంఘం మీటింగుల్లో నలుగురికీ చదివి వినిపించండి.

2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకు ముందు జరిగిన నేరాలకు పాత కోడే వర్తిస్తుంది. నంబర్లు మారినా ఈ విషయంలో సారం 1860 నాటిదే. చట్టం ముందుగా చూసేది బుద్ధి. తనకు హక్కులేని లాభం తెచ్చుకోవాలని గానీ, ఎదుటివాడికి అన్యాయంగా నష్టం చేయాలని గానీ ఆ పని చేశాడా? చేస్తే అది కపటబుద్ధి. కాయితం ఖరీదు రూపాయే కావొచ్చు, దాని వెనక ఎకరం నేల ఉంది.

ఇక ఎలా తీసుకున్నాడన్నదాన్నిబట్టి నేరం మారుతుంది.

అడక్కుండా ఎత్తుకుపోతే దొంగతనం, సెక్షన్ 303. "తిరిగి ఇస్తాగా" అన్నా తప్పదు. డబ్బిస్తేనే తిరిగి ఇవ్వాలనే ఉద్దేశంతో ఒకరి వస్తువు పట్టుకుపోవడం దొంగతనమేనని చట్టంలోనే ఉదాహరణ రాసి ఉంది.

మాయమాటలతో ఇప్పించుకుంటే మోసం, సెక్షన్ 318. ఏడేళ్ల దాకా జైలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కాయితం తీసుకునే నాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. లోను ఇప్పిస్తానన్నవాడు అసలు బ్యాంకులో దరఖాస్తే పెట్టలేదా? ఆ వారంలోనే మన చేనుకు బేరం పెట్టాడా? అదే సాక్ష్యం.

నమ్మి దాచమన్న కాయితాన్ని సొంత లాభానికి వాడుకుంటే నమ్మకద్రోహం, సెక్షన్ 316.

భయపెట్టి లాక్కుంటే బలవంతపు వసూలు, సెక్షన్ 308. కర్రల మనుషులను పంపి చేను దున్నిస్తానని బెదిరించి పంట తాలూకు బాండు రాయించుకుంటే నేరమని ఇంగ్లీషు దొరలు ఆనాడే రాశారు. కొడతానని బెదిరించి ఖాళీ కాయితం మీద సంతకం పెట్టించుకున్నా అదే నేరం. ఆ కాయితాన్ని తర్వాత దొంగ దస్తావేజుగా మారిస్తే సెక్షన్ 338: పదేళ్ల దాకా జైలు లేదా యావజ్జీవం.

వీటి పైన మన చేతిలో 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అది ఎవరి దయా కాదు. 1985లో కారంచేడులో పారిన నెత్తురు, దేశమంతా మనవాళ్లు చేసిన పోరాటాలు దాని వెనక ఉన్నాయి. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఎఫ్), (జి) ప్రకారం దళితుల భూమిని అన్యాయంగా ఆక్రమించినా, రాయించుకున్నా, వాళ్లను వెళ్లగొట్టినా నేరం. 'అన్యాయంగా' అంటే ఏమిటో కూడా చెప్పారు: చంపుతామని, కొడతామని భయపెట్టి తీసుకున్న ఒప్పుకోలు చెల్లదు, రికార్డులు సృష్టించడం అన్యాయమే. ఈ కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని సెక్షన్ 18ఎ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి.

అసైన్డ్ భూములకు 1977 చట్టం వేరే ఉంది. దాని లెక్కన అమ్మకమే కాదు, తాకట్టూ కౌలూ కూడా బదిలీ కిందకే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఏళ్లు నిండిన భూములపై 2023లో సవరణ తెచ్చారు. ఆ సవరణ కూడా పేదవాడి పట్టా కాజేసే హక్కు ఎవడికీ ఇవ్వలేదు.

మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. అప్పు తీసుకొని, ఇష్టపడి కాయితం కుదువ పెట్టి, బాకీ ఉండగానే దొంగతనం కేసు పెడితే అది నిలవదు. అలాంటి కేసు ఒకటి కొట్టేస్తే, రేపు నిజమైన బాధితుణ్ణి కూడా నమ్మరు. జరిగింది జరిగినట్టే రాయండి.

ఇక చేయాల్సినవి. అసలు కాయితం ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సు ఇవ్వండి. ఇవ్వక తప్పకపోతే ఎందుకిచ్చామో, ఏ తారీకున ఇచ్చామో రాయించి రసీదు తీసుకోండి, ఇద్దరు సాక్షులను పెట్టండి. ఖాళీ కాయితం మీద, ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయొద్దు. పోయిన దస్తావేజుకు రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. ఫిర్యాదులో నాలుగు సంగతులు ఉండాలి: ఎవడు తీసుకున్నాడు, ఎప్పుడు, ఏం చెప్పి, దానివల్ల ఏం లాభపడ్డాడు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి. ఎస్సై రాయనంటే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు పోవచ్చు.

ఒక్కడు పోతే తిట్టి పంపుతారు. పదిమంది కాయితాలు పట్టుకొని పోతే కుర్చీ వేస్తారు. వాడలో చదువుకున్న పిల్లలు ఈ పక్షం రోజుల్లో ఇంటింటికీ పోయి ఎవరి పాసుపుస్తకం ఎవడి బీరువాలో ఉందో రాయండి. ఆ జాబితా చేతికొచ్చిన రోజున స్టేషనుకు అందరం కలిసే పోదాం.

జై భీమ్!