వంశవృక్షంలో అమ్మలు ఏరీ?

వంశవృక్షం అంటే రిటైరైన పెదనాన్నల టైంపాస్ అని మనలో చాలామంది అనుకుంటాం. నా అభిప్రాయం వేరు. ఇది మన వయసు వాళ్ళం చేయాల్సిన పని. అదీ వచ్చే సెలవుల్లోనే, అమ్మల వైపు నుంచి మొదలుపెట్టి.

మొన్న సెమిస్టర్ సెలవుల్లో ఒక వారం మైపాడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. పొద్దున ట్రంకు పెట్టెలో ఉన్న దస్తావేజులు, పెళ్ళి శుభలేఖలు ఫోన్లో స్కాన్ చేసేవాణ్ణి. మధ్యాహ్నం వీధిలో పెద్దవాళ్ళ పాత ఫొటోలు కూడా స్కాన్ చేసి, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న వాళ్ళ పిల్లలకు పంపేవాణ్ణి. నా వాలంటీరింగ్ అంతే. రాత్రి చార్టు గీయడం నా హాబీ.

వారం చివర చూస్తే తాత వైపు మగవాళ్ళ పేర్లు ఐదు తరాలు వచ్చాయి. అమ్మమ్మ వైపు ఆడవాళ్ళ వరస వాళ్ళమ్మ దగ్గరే ఆగిపోయింది. కారణం సింపుల్. కాగితం భూమి వెంట నడుస్తుంది, భూమి మగవాళ్ళ పేరు మీద ఉండేది. ఆడమనిషి కనిపించినా ‘ఫలానా వారి భార్య’ అనే. అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరు తెలిసిన మనిషి ఇప్పుడు అమ్మమ్మ ఒక్కతే. ఆమెకి ఎనభై దాటాయి. “ఆడోళ్ళ పేర్లు ఎవురు రాస్తార్రా” అంది నవ్వుతూ.

రాసినవాళ్ళు ఉన్నారు. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాశారు. ఆడవాళ్ళకీ సొంతంగా ఒక వరస ఉంది. ప్రేమతో రాయలేదు, చెరకు తోటల్లో పని లెక్క కోసం రాశారు. అయినా ఆ జాబితాలు పట్టుకుని డర్బన్‌లో మనవళ్ళు ఇవాళ తమ అవ్వల ఊళ్ళు వెతుక్కుంటున్నారు. పరాయివాళ్ళ కూలి లెక్కల్లో దొరికిన చోటు మన ఇంటి చార్టులో దొరక్కపోతే ఎలా?

యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. నేనూ వాడాను. వాటికి బాబాయి, పెదనాన్న, మేనమామ అందరూ ‘అంకుల్’లే. మా ఇంట్లో రెండు మేనరికాలున్నాయి, కాబట్టి ఒకే మనిషి రెండు దారుల్లో చుట్టం. డేటా స్ట్రక్చర్స్ చదివిన వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది: మన కుటుంబం ట్రీ కాదు, గ్రాఫ్. ఆడవాళ్ళకి ఇంటిపేరు పెట్టె ఒకటి కాదు, రెండు కావాలి. మనకు సరిపోయే యాప్ మన బ్రాంచ్ వాళ్ళే రాయాలి.

“వంశం గొప్పలు చెప్పుకోడానికేగా” అంది ఒక ఫ్రెండ్. రాజుల దాకా లాగి కలిపే చార్టులు నాకూ నచ్చవు. నాట్లేసిన చేతులు ఎవరివి, వల లాగింది ఎవరు, చదువు ఆపించింది ఎవరికి అని అడిగితే గొప్పలు వాటంతటవే తగ్గుతాయి.

కాబట్టి ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఫోన్లో రికార్డర్ ఆన్ చేయండి, ముందు అడిగే చేయండి. తేదీలు అడక్కండి, తుపాన్లు అడగండి. మా వైపు “కావలి తుపాను అప్పటికి నువ్వెంత?” అంటే చాలు, అది 1989 నవంబర్. మొదటి ప్రశ్న మాత్రం ఇది: “అమ్మమ్మా, మీ అమ్మ పేరేంటి? ఆమె పుట్టింటి పేరేంటి?” సర్వర్‌లో డేటాకి బ్యాకప్ ఉంటుంది. ఆమె జ్ఞాపకానికి లేదు.